దూలానికి తొమ్మిది మాటలు

గొల్లరేవు,
25-1-1946.

బి.ఏ. ప్యాసైన మా మరదలు లక్ష్మీనరసమ్మకి బావ గణపతిరావు దీవించి రాసేది ఏటంటే—

ఇక్కడ అందరం బాగున్నాం. నా ఇంటిది, మీయప్ప జగ్గమ్మ, బాగున్నాది. గేదె ఈనినాది, పెయ్యదూడ. బాగునేనిది ఒక్కటే, మా ఊరి ఆడపిల్లల బడి దూలం. డిసెంబరులో వచ్చిన ఇన్‌స్పెక్ట్రెసమ్మ దాంట్లో సన్నటి చీలిక సూసి, "మార్చి ఆఖరుకి బాగుచెయ్యకపోతే బడి మూసెయ్యవలెను" అనీసి పుస్తకంలో రాసి ఎల్లినాది. మొన్న మంగళవారం పాఠం మజ్జిలో ఆ చీలిక ఫెళ్లుమన్నాదట. పిల్లలంతా బయటికి పరిగెట్టినారు. మా కూతురు కూర్మమ్మ కూడా పరిగెట్టి, పలక లోపల మరిచిపోనానని మళ్లీ లోపలికి ఎల్లినాదట. ఆ గుంటకి అచ్చం నీ పోలికే.

"అట" అని ఎందుకు రాస్తన్నానో నీకు తెలుసు. ఆ బడి గుమ్మం మగోడు దాటకూడదని ఊరి కట్టుబాటు. ఆ కట్టుబాటు ఉంటేనే ఇరవై ముగ్గురు పిల్లల్ని పంపుతామని పెద్దలు ఒప్పుకున్నారు. నలుగురిలో నిలబడి మాటిచ్చినోణ్ణి నానే, అంచేత నాను కూడా దాటను. బయటినుంచి సూస్తే కప్పు ఒంగినట్టు కనపడతన్నాది. అంతే నాకు తెలిసినాది.

బడి మూస్తే ఏప్రిల్‌లో ఐదో తరగతి పరీక్ష నేదు. పరీక్ష నేకపోతే కూర్మమ్మ జూన్‌లో నీ దగ్గరికి వచ్చి హైస్కూల్లో సేరడం నేదు. మా అన్న నరసింగరావు ఇప్పటికే దానికి రెండు సంబంధాలు పట్టుకొచ్చి అరుగు మీద కూకున్నాడు.

మనమే ఓ రాట పెట్టీవొచ్చు గాని అది జిల్లా బోర్డువారి బడి. బోర్డు సెలవు నేకుండా మేకు కొట్టినా కేసట. తెలుగులో అర్జీ పట్టుకెల్తే గుమస్తా ఉమాపతి, "తర్జుమాకి పంపాలండి, ఆరు నెలలు" అన్నాడు. ఇంగిలీసు అయితే తిన్నగా ఎల్తాదట. నువ్వు అర్జీ రాసి పంపు. రంగూన్ రేవులో సరుకు చీటీలు రాసి, యుద్ధంలో నడిచొచ్చిన మన అప్పలసూరి దాన్ని మంచి కాయితం మీద ఎత్తి రాస్తాడు. ఆడి అచ్చరాలు ముత్యాలు. సొంతంగా రాయమంటే మాత్రం చేతులెత్తీస్తాడు.

ఇట్లు,
మీ బావ గణపతిరావు.

తా.క. ఇంగిలీసు మరీ మెత్తగా ఉండకూడదు. గుమస్తా బల్ల మీద పెడితే బల్ల కిర్రుమనాల.


విజయనగరం,
29-1-1946.

బావకు లక్ష్మీనరసమ్మ నమస్కరించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివాక రెండు పీరియడ్ల పాటు పిల్లల మీద అకారణంగా విసుక్కున్నాను. చీలిక చూసి, పుస్తకంలో రాసి, కొంగు దులుపుకుని వెళ్లిపోయే ఉద్యోగం ఎంత హాయిగా ఉంటుందో కదా. ఇరవై ముగ్గురు పిల్లల నెత్తిన దూలం వేలాడుతుంటే దాని కింద ఊత పెట్టడానికి సెలవు కావాలా? ఈ దేశంలో పడిపోవడానికి మాత్రం ఎవరి సెలవూ అక్కరలేదు.

అర్జీ ఇందులో పెట్టాను. నాలుగుసార్లు చింపి రాశాను. మర్యాద ఎక్కువైతే లోకువ చేస్తారు, తక్కువైతే పొగరంటారు. ఇప్పటికీ సరిగ్గా కుదిరిందన్న నమ్మకం నాకు లేదు. అందులో ఉన్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: గొల్లరేవు ఆడపిల్లల బడి దూలాన్ని "సపోర్ట్" చేయడానికి ఒక్క రాట నిలబెట్టించండి, లేదా మమ్మల్ని నిలబెట్టుకోనివ్వండి. "సపోర్ట్" అంటే పడకుండా కింద నుంచి మోయడం. చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. ఆఫీసర్లకు అర్థం కావాలనే అది వాడాను.

అప్పలసూరిని కామా కూడా కదపవద్దని చెప్పు. కూర్మమ్మకి ఇక్కడ కిటికీ పక్క మంచం ఖాళీ చేయించి ఉంచాను. పెద్దబావగారిని అరుగు దిగమను.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ.

తా.క. మొదట్లో "మిక్కిలి వినయంతో" అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. అవి నా అభిప్రాయం కాదు. అర్జీకి అలవాటు.


గొల్లరేవు,
16-2-1946.

మరదలు లక్ష్మీనరసమ్మకి బావ ఏటి రాస్తన్నాడంటే—

నువ్వు అర్జీ పంపి పద్దెనిమిది రోజులైనాది. బోర్డువారి దగ్గర్నుంచి ఉలుకూ నేదు పలుకూ నేదు. అర్జీ అందినట్టు ఒక నెంబరు వేసిన చీటీ ఇచ్చినారు, అంతే.

కోపం సేసుకోకు గాని, తప్పు నీ మాటలోనే ఉన్నాదని అప్పలసూరి అంతన్నాడు. ఎత్తి రాసీటప్పుడే ఆడు పెదవి ఇరిసినాడు.

"ఏట్రా?" అన్నాను.

"ఈ సపోర్టు అన్నమాట రంగూన్‌లో కూలోళ్లు కూడా అనీవోరు మావా. పెద్దదొరలు నోట పెట్టీవోరు కాదు. దీని కింద దూలం ఆగదు."

నాను కూడా కాయితం దూరంగా పట్టుకుని సూసినాను. నిజమే, ఆ మాట సన్నగానే ఉన్నాది. మిగతా అర్జీ అంతా దిట్టంగా ఉండి, అసలు దూలం మోసీ కాడికి వచ్చీసరికి అంత బక్కమాట ఏలేసినావు? నా మరదలు బి.ఏ. అని ఊరంతా సెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరి ముకం సూడమంతావు?

పశువుల సంతలో అడిగినట్టే మళ్లీ అడిగితే ఎవడూ తల తిప్పడు. రెండోసారి వేరే మాటతో ఎల్లాల. అదే అరదం ఉండాల, మాట గట్టిగా ఉండాల. అర్జీ అంతా అలాగే ఉంచీసి ఆ ఒక్క మాట తీసి కొత్తది పెడతాం. బేగి పంపు.

ఇట్లు,
మీ బావ.

తా.క. అన్న మూడో సంబంధం తెచ్చినాడు. పెళ్లికొడుక్కి మీసాలొచ్చీసినాయి.


విజయనగరం,
19-2-1946.

బావకు,

కోపం చేసుకోవద్దని రాసి, కోపం రాక తప్పని సంగతులు రాశావు. ఆ మాట సన్నం కాదు. బోర్డువారి చర్మం మందం. మాటలను దూరంగా పట్టుకుని లావు చూసే పరీక్ష నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ రాయలేదు. అప్పలసూరి నా తరగతిలో ఉండి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

అయినా ఒక్క విషయంలో అతను చెప్పింది కొట్టిపారేయలేను. ఒకసారి వాడిన మాట మళ్లీ వాడటం బద్ధకం. మా పిల్లల వ్యాసాల్లో ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే నేను ఎర్రసిరాతో గీత గీస్తాను. కనుక రెండో అర్జీలో "సపోర్ట్" అని మాత్రం రాయకండి. ఎవరైనా చదివితే మనకు ఒక్క మాటే వచ్చనుకుంటారు.

మూడు మాటలు పంపుతున్నాను. "ప్రాప్" అంటే పడబోయేదానికి అప్పటికప్పుడు కర్ర ఆనించడం. "సస్టెయిన్" అంటే చాలాకాలం అలిసిపోకుండా మోయడం. "అప్‌హోల్డ్" అంటే పైకెత్తి పట్టుకుని కిందకు జారనివ్వకపోవడం. నీకు నచ్చినది ఒకటి ఎంచుకో. దూలానికైతే నేను మొదటిదే చెబుతాను, కానీ అది పొట్టిగా ఉందని మీరిద్దరూ దాన్ని వదిలేస్తారని నాకు ముందే తెలుసు.

మాట మారిస్తే రాట వస్తుందా అంటావేమో. రాత్రింబవళ్లు ఇంగ్లీషు చెప్పుకుని బ్రతుకుతున్న మనిషిని, ఆ ప్రశ్న నాకు వేయకు.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ.

తా.క. మీసాలున్న పెళ్లికొడుకుని ముందు ఐదో తరగతి పరీక్ష రాయమని పెద్దబావగారితో నా మాటగా చెప్పు.


గొల్లరేవు,
11-3-1946.

లక్ష్మీనరసమ్మకి బావ రాసేది—

ఒకటి ఎంచుకోమన్నావు. ఎంచుకోడానికి ఇవేటి వంకాయలా? మూడూ వాడీసినాను, వారానికొకటి. అర్జీ అదే, అచ్చరాలవే, ఆ ఒక్క మాటే వేరు. "సస్టెయిన్" రాసీటప్పుడు అప్పలసూరి కళ్లంట నీళ్లెట్టుకున్నాడు. అంత బాగున్నాదట.

ఈసారి బోర్డు కదిలినాది. కదిలి ఏటి సేసినాదో ఇను. ఒక అర్జీకి, "ఆ ఊళ్లో ఆడపిల్లల బడి ఉన్నట్టు రుజువేమి?" అని రాసినారు. ఇంకోదానికి, "దూలం ఏ కర్రది, ఏ ఏట వేసినది?" అని. మూడోదానికి ఏకంగా ఓవర్సీరు బండి కట్టుకుని దిగినాడు. నాను ఎదురెళ్లి కొబ్బరి బొండం కొట్టి ఇచ్చి, బడి కాడికి తీసుకెల్లినాను. గున్నమ్మ పంతులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోనాది.

"లోపలికి రాకూడదండి."

"నేను బోర్డు ఓవర్సీరునమ్మా."

"మగవారు గదండి."

"దూలం లోపలుంది గదమ్మా."

"ఉన్నాదండి. ఉంతాదండి. తవరు బయటే ఉండాల."

ఓవర్సీరు నా మొకం సూసినాడు. నాను నేల సూసినాను. మాటిచ్చినోణ్ణి, ఏటి అనగలను? ఆయన బయటినుంచే గుమ్మం కొలిసి, "తలుపు గట్టిగా ఉన్నది" అని రాసుకుని ఎల్లిపోనాడు. గున్నమ్మ మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండతన్నాది. కట్టుబాటు నాదే, కాదన్ను. అంతకన్నా గట్టిగా పట్టుకోమని నాను సెప్పానేటి?

ఇంక ఇరవై రోజులున్నాది. ఇలా ఒక్కొక్కటీ ఎల్తే కాదు. అయిదు మాటలు పంపు, వొకేసారి గుద్దీస్తాను. ఒక్క సంగతి అడుగుతాను, దాచకు. గట్టి మాటలన్నీ విజయనగరం పిల్లల కోసం దాచుకుని, పల్లెటూరోళ్లకి ఇవి సాలనీసి నాసిరకం పంపుతన్నావా?

ఇట్లు,
గణపతిరావు.

తా.క. ఓవర్సీరు ఎల్తూ ఎల్తూ మన సొరపాదు పందిరి కూడా కొలిసి రాసుకున్నాడు. ఎందుకు బాబూ అంటే, "ఇంత దూరం వచ్చాక ఏదో ఒకటి కొలవాలి కదయ్యా" అన్నాడు.


విజయనగరం,
14-3-1946.

గణపతిరావు బావకు,

నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివి, ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టడానికి వంటింటిదాకా వెళ్లాను. కూర్మమ్మ పేరు రాసి ఉన్న కాగితం కదా అని వెనక్కి వచ్చాను.

నాసిరకం మాటలా? నిన్న సెలవు పెట్టి, గ్రంథాలయంలో నా రెండు చేతులా పట్టనంత నిఘంటువు ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇవిగో అయిదు: "బోల్‌స్టర్", "బట్రెస్", "బ్రేస్", "షోర్ అప్", "అండర్‌పిన్". తలకింద దిండులా ఆనేది, గోడకు వెలుపల కట్టేది, బిగించి కట్టేది, ఓడను ఒడ్డున వాసాలతో నిలబెట్టేది, పునాది కిందికి దూరి మోసేది. ఇంతకన్నా బరువైనవి ఆ భాషలో ఉంటే నాకు కనబడలేదు. వాళ్ల కోటలూ ఓడలూ చర్చిలూ నిలబెట్టిన మాటలన్నీ తెచ్చి నీ అరుగు మీద పోశాను. ఇక నీ ఇష్టం.

అక్కడ కూర్చున్నప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నీతో చెప్పాలో వద్దో తెలియదు. నాన్న నన్ను మద్రాసు పంపిన ఏడు, అప్పని మూడో తరగతిలోనే బడి మాన్పించి అప్పటికే పదేళ్లు. అమ్మ మంచాన పడితే ఇల్లూ, కళ్లమూ, నా తర్వాత పుట్టిన పసివాణ్ణీ అప్పే చూసుకుంది. నాకు హాస్టలుకి అటుకులూ చలివిడీ కూడా కట్టి పంపేది. నేను "అప్ప బాగుంది" అని స్నేహితులతో చెప్పేదాన్ని. అప్ప చేసినది ఏమిటో ఆ నిఘంటువులో వెతికాను. దగ్గరగా వచ్చినవి చాలా ఉన్నాయి. అదే అయినది ఒక్కటీ లేదు. నేను సరిగా వెతకలేదేమో.

ఇది అర్జీలో పెట్టవలసిన విషయం కాదు. అయిదు మాటలూ తీసుకుని నన్ను వదిలిపెట్టు.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ.

తా.క. "బట్రెస్" అంటే గోడకు బయట నిలబడి మోసేది. గుమ్మం దాటలేని మగవాళ్లకు అదే నప్పుతుంది.


గొల్లరేవు,
26-3-1946.

బి.ఏ. లక్ష్మీనరసమ్మ గారికి గణపతిరావు రాసేది—

"గారు" అన్నది మర్యాదక్కాదు, కోపానికి.

అయిదు అర్జీలూ ఒక్కరోజే పంపినాను. జవాబు రాకపోతే నిన్న నానే బోర్డు ఆఫీసుకెల్లి ఉమాపతి బల్ల ముందు కూలబడ్డాను. "గొల్లరేవు బడి సంగతి తేల్చండి బాబూ, ఇంక ఆరు రోజులే ఉన్నాది" అన్నాను.

"ఏ సంగతండీ?" అన్నాడు.

"ఏటి, ఏ సంగతండీ? దూలం."

ఆయన లేచి బీరువా తీసి, ఎర్రనాడాలు కట్టిన కట్టలు తెచ్చి ఒకటీ ఒకటీ బల్ల మీద పెట్టినాడు. తొమ్మిది. "వీటిలో ఏదండీ?"

"అన్నీ అదే కదా బాబూ. ఒకే బడి, ఒకే దూలం, ఒకే రాట."

"ఎలా అవుతాయండీ? ఒకరు సపోర్ట్ కావాలన్నారు. ఒకరు ప్రాప్ కావాలన్నారు. ఇదిగో, ఈయన అండర్‌పిన్ కావాలంటున్నారు."

"ఈయనా నానే బాబూ. సంతకం సూడండి."

"సంతకం మేం చూడం. అర్జీలో ఏ పని చేయమన్నారో ఆ మాటని బట్టి రిజిస్టరులో ఎక్కిస్తాం. కొత్త మాట వస్తే కొత్త పని, కొత్త కట్ట, వరస చివరికి. పైగా అదే ఊరి నుంచి ఇంకో కోరిక వస్తే, అది తేలేదాకా పాతది ఆపాలని రూలు. మీ మొదటి కాయితం ఫిబ్రవరి ఇరవై అయిదుకి ఇంజనీరుగారి బల్ల ఎక్కాలి. ఇరవై రెండున మీ రెండోది వచ్చింది. ఆపేశాం."

మొదటి కట్ట నా వైపు లాక్కున్నాను. "అదే మాటతో మళ్లీ రాసుంటే?"

"అది జ్ఞాపిక, అంటే రిమైండరు అవుతుందండి. జ్ఞాపికలు రెండొచ్చాయంటే ఇంజనీరుగారు ఏమీ అడగకుండా సంతకం పెట్టేస్తారు. అందరూ అదే చేస్తారు. నూటికి తొంభై మందికి ఒక్క మాటే వస్తుంది కదండి."

ఇన్నావా? ఒక్క మాటే వచ్చినోడి పని అయిపోతన్నాది. ఒకసారి రాసిన మాట మళ్లీ రాయడం బద్ధకమని ఎవరు రాసినారు? ఎర్రసిరాతో గీత గీస్తానని ఎవరు రాసినారు? నీకు ఒక్క ఇంగిలీసు మాటే వచ్చి ఉంటే ఈ పాటికి మన కూర్మమ్మ నెత్తిమీద రాట ఉండును. నీ సదువు దూలం కన్నా ముందు మా మీద కూలినాది.

ఎనిమిది అర్జీలు వెనక్కి తీసుకుంతానన్నాను. ఒక్కోదానికి వేరేగా అర్జీ పెట్టాలట, ఒక్కోటీ ముప్పై రోజులట, ఒకటి తేలాకే రెండోదట. అప్పటికి కూర్మమ్మకి కూతుళ్లు పుట్టి బడికి ఎల్తారు.

ఇట్లు,
గణపతిరావు.

తా.క. నీ ఇంగిలీసుని ఉమాపతి తెగ మెచ్చుకున్నాడు. అంత మంచి మాటలు ఆ బీరువాలోకి ఇదివరకెప్పుడూ రానేదట. అది ఇన్నాక నాకు ఇంకా మండినాది.


విజయనగరం,
28-3-1946.

బావా,

నీ ఉత్తరానికి ఎదురు చెప్పడానికి కూర్చున్నాను. మొదటి కాగితం నిండా బోర్డుని తిట్టాను. రెండో కాగితంలో నిన్ను తిట్టాను: మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే మూడూ ఎందుకు వాడావని. రెండూ చింపేశాను. మిగిలింది నేను.

తప్పు నాది. ఇరవై ఏళ్లుగా పిల్లల కాగితాల మీద ఎర్రగీతలు గీస్తున్నాను. ఒకే మాట మళ్లీ మళ్లీ అనేవాళ్లకి తోచక అంటున్నారనుకున్నాను. వాళ్లకి పని కావాలేమో, అందుకే అంటున్నారేమో అని ఒక్కసారీ అనుకోలేదు. నువ్వు మాటల లావు చూశావని నవ్వాను. నేను మాత్రం చేసిందేమిటి? వాటి నగిషీ చూశాను. దూలాన్ని మనిద్దరిలో ఎవరమూ చూడలేదు.

మా ప్రధానోపాధ్యాయినిని అడిగాను. కూర్మమ్మను ఇక్కడికి పిలిపించి పరీక్ష రాయించవచ్చునా అని. బడి మూతపడితే ఆ బడి పిల్లను ఏ బడీ కూర్చోబెట్టుకోదట. మూడుసార్లు అడిగాను, ఒకే మాటతో. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. బోర్డు పద్ధతి అన్ని చోట్లా పనిచేయదు.

ఇక నాకు ఏ ఉపాయమూ తోచడం లేదు. ఇది నేను రాయడానికి ఇష్టపడే వాక్యం కాదు.

నీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదివాను. అప్పలసూరి ఏమన్నాడో ఉంది. ఉమాపతి ఏమన్నాడో ఉంది. పెద్దబావ తెచ్చిన పెళ్లికొడుకు మీసాలున్నాయి. అప్ప సంగతి మొదటి ఉత్తరంలో "బాగున్నాది" అని ఒక్క ముక్క, గేదె కన్నా ముందు. ఆ తర్వాత అదీ లేదు. అప్ప ఏమంటోంది? నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇట్లు,
లక్ష్మీనరసమ్మ.

తా.క. ఇవాళ ఒక పిల్ల వ్యాసంలో ఒకే మాట ఏడుసార్లు రాసింది. పదికి తొమ్మిది వేశాను. ఆ పిల్ల భయపడి వచ్చి, పొరపాటు పడ్డారా టీచర్ అని అడిగింది.


గొల్లరేవు,
14-4-1946.

విజయనగరంలో ఉన్న లక్ష్మీనరసమ్మ పిన్నికి కూర్మమ్మ నమస్కారాలు. పిన్నీ, ఈ ఉత్తరం అమ్మ చెబుతూ ఉంటే నేను రాస్తున్నాను. అమ్మ ఎలా అంటే అలాగే రాయమంది. పరీక్షలు అయ్యేదాకా రాయొద్దంది. అందుకే ఆలస్యం. ఇక్కడి నుంచి అంతా అమ్మ మాట.

ఏమే నరసమ్మా, అప్ప ఏటంతన్నాదని ఇన్నాళ్లకి అడిగినావా? సెప్తాను, ఇనుకో.

దూలం ఫెళ్లుమన్న మర్నాడే నానూ గున్నమ్మా, ఇంకో నలుగురు తల్లులూ, బడి మజ్జిలో రాట పెట్టీసినాం. మీ బావ నీకు మొదటి ఉత్తరం రాసీనాటికే అది పెట్టి రెండు రోజులు. గొయ్యి నాను తవ్వినాను. ఆరుగురం ఎత్తి దూలం కింద దిగ్గొట్టినాం. మగోళ్లు గుమ్మం దాటకూడదు గదా, ఒక్కడు సూడనేదు. బోర్డోళ్లకి తెలిస్తే కేసని, గున్నమ్మ దానికి మేకు కొట్టి దేశపటం తగిలించినాది. పిల్లలకి సెప్పొద్దన్నాం. ఇరవై ముగ్గురూ సెప్పనేదు. మీ ఇద్దరికన్నా ఆళ్లు నయం, మాట్లాడకుండా ఉండడం వచ్చు.

ఓవర్సీరు వచ్చినప్పుడు గున్నమ్మ గుమ్మానికి అడ్డం ఎందుకు నిలబడిందో ఇప్పుడు తెలిసినాదా?

మార్చి ఇరవై తొమ్మిదిన ఇన్‌స్పెక్ట్రెసమ్మ వచ్చినాది. ఆయమ్మ ఆడది, లోపలికి వచ్చినాది. "ఇది ఏమిటి?" అన్నాది రాటని సూసి. "పటం తగిలించుకునీ కర్రండి" అన్నాది గున్నమ్మ. ఆయమ్మ పైకి సూసినాది. కిందికి సూసినాది. రాట మీద చెయ్యేసి ఒకసారి గట్టిగా తోసినాది. కదలనేదు. అప్పుడు పుస్తకం తీసి రాసినాది: "కప్పు భద్రముగా ఉన్నది. పటము తగిలించు ఏర్పాటు మెచ్చదగినది." ఎల్తూ ఎల్తూ నా చెయ్యి తిప్పి అరచెయ్యి సూసినాది. పొక్కులు అప్పటికే మానిపోనాయిలే.

బడి ఉన్నాది. మన గుంట పరీక్ష రాసినాది. పెద్దబావని ఆ మీసాలోడితో సహా అరుగు దింపీసినాను.

మీ బావ ఆ మాట తెలిసి ఎగిరినాడు. "మూణ్ణెల్లు నా చేత ఊడిగం సేయించి, ఒక్క ముక్క సెప్పనేదేటే?" అన్నాడు. "అడిగినావేటి?" అన్నాను. సెప్తే ఆయన ఏటి సేసుండును, బోర్డు సెలవు కావాలనుండును. నువ్వు మాత్రం? ఆ రాటకి ఇంగిలీసు వెతుకుదువు.

నీకు కోపమొస్తే ఆయనకి రాసినావు. ఆయనకి కోపమొస్తే నీకు రాసినాడు. నాకు వచ్చిన కోపం ఎవరికి రాయాల? మూడో తరగతి సదువు, అదీ మరిచిపోనాను. ఇదిగో, నా కూతురికి రాత వచ్చీదాకా కాసుకుని కూకున్నాను. ఇప్పుడు రాయిస్తన్నాను. నీ మీద కోపంగా ఉన్నాను నరసమ్మా. అటుకులు తింటూ నువ్వు సదువుకున్నందుక్కాదు. సదువుకుని ఇన్నేళ్లైనా ఒక్క ఉత్తరం నా పేరన రాయనందుకు. సదివి పెట్టీవోళ్లు నేరేటి ఈ ఊళ్లో?

ఇంక రాయి. ఏ మాటైనా పరవానేదు.

ఇట్లు,
మీయప్ప జగ్గమ్మ. (ఇది అమ్మ సొంత చేవ్రాలు. మూడుసార్లు నేల మీద రాసి చూసుకుని పెట్టింది.)

తా.క. పిన్నీ, ఇది నా సొంతం. అమ్మకి చదివి వినిపించను. బడికి పెట్టిన రాట మా పెరటి వసారాది. నాన్న బడిలోకి వెళ్లడు కాబట్టి ఆనవాలు పట్టలేడు. దాని చోట అమ్మ రెండు వెదురు బొంగులు కట్టి గోనె చుట్టింది. కప్పు భద్రంగా ఉంటే అబద్ధపు అర్జీలు ఎందుకు పెట్టావని బోర్డువారు తొమ్మిది సంజాయిషీలు అడిగారు. నాన్నా, అప్పలసూరి మావా రోజూ ఆ వసారాలోనే కూర్చుని అవి రాస్తున్నారు. కప్పు జానెడు దిగింది. మట్టి కాగితం మీద రాలితే మావ ఊదుకుని రాస్తున్నాడు. నాన్నకి చెప్పేద్దామంటే అమ్మ వద్దంటోంది. చెబితే లేవడట, ముందు అర్జీ రాస్తాడట.